మెట్ల మీది వంకర గీత

కొత్త ఇంటి ప్లాను చూపిస్తున్న ఇంజనీరు గారి వేలు మెట్ల దగ్గరికి రాగానే నేను కాగితం మీదికి వంగాను. మెట్ల బొమ్మను సగంలో కోసేస్తూ అదే వంకర గీత.

చిన్నప్పుడు గోదారి మధ్య మా లంకలో మేడ కట్టినప్పుడు, నాన్న తెచ్చిన ప్లానులోనూ అది ఉంది. అచ్చం గోడ మీద బీటలా ఉండేది. మెట్లు అక్కడ విరిగిపోతాయని గట్టిగా నమ్మాను. నాన్ననడిగితే, "మేస్త్రి గారు చూసుకుంటార్లేమ్మా" అన్నారు. ఆయనకూ తెలియదని తేలిపోయింది. మేడ పూర్తయినా నేను సగం మెట్లు దాటి ఎక్కలేదు.

ఆ ఏడు శ్రావణంలో గోదారి పొంగి, నీళ్లు మా గడప దాటాయి.

"పైకి పదండర్రా!" అని నాన్నమ్మ అరుస్తోంది. నేను సగం మెట్ల మీద కమ్మీ పట్టుకుని, "విరిగిపోద్ది నాన్నా!" అని ఏడుస్తున్నాను. నాన్న నన్నెత్తుకుని పైకి నడిచారు.

"మెట్లు అక్కడితో ఆగవండి," అంటున్నారు ఇంజనీరు గారు. "పై మెట్లు ఈ కాగితంలో గీయం, పై అంతస్తు ప్లానులో గీస్తాం. అందుకే ఆ గుర్తు."

ఆ రోజు నాన్న గుండె నా చెవి కింద దడదడా కొట్టుకుంది. ఆయన కూడా ఆ గీతకే భయపడుతున్నారనుకున్నాను.