సుందరమ్మ పెద్దమ్మ తలస్నానం

పక్కింట్లో ఎవరో సీకాయ పొడి వేడినీళ్లలో కలిపినట్టున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి వచ్చేసరికి నేను రాస్తున్న వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. ఆ వాసన వస్తే ఎక్కడో ఎవరో రాయడానికి కూర్చోబోతున్నారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తమిళనాట పీలమేడులో మిల్లు కట్టించిన లైను ఇళ్లలో, మా గోడకు ఆనుకున్న ఇల్లు సుందరమ్మది. చుట్టరికం లేకపోయినా పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మిల్లులో నూలు చుట్టే పని ఆమెది. తీరిక దొరికితే కథలు రాసేది. మా ఇళ్లలో మాట్లాడుకునే తెలుగునే తమిళ అక్షరాల్లో రాసేది, ఎందుకంటే మా లైనులో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. ఆమె రాస్తుందన్న సంగతి మా ఇంటికి తప్ప ఎవరికీ తెలియదు.

షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె జుట్టు నిండా, కనుబొమ్మల మీద కూడా తెల్లటి దూది నూగు ఉండేది. దాన్ని మేం పంజు అంటాం. ఆ పంజుతో ఆమె కలం ముట్టేది కాదు. సీకాయతో తల రుద్దుకుని, ఉతికిన చీర కట్టుకుని, తడి జుట్టు వీపున వదిలి, వాకిలికి వీపు పెట్టి కూర్చుంటే గానీ ఒక్క ముక్క కూడా కదిలేది కాదు. ఇంత తంతు ఎందుకని ఒకసారి అడిగాను. మిల్లులో చేరిన కొత్తలో, ఒకప్పుడు తనకు చదువు చెప్పిన టీచరు బజారులో ఎదురై, తలలో పంజు చూసి ముఖం తిప్పుకుని వెళ్లిపోయిందట. "రాసేటప్పుడైనా మిల్లుదాన్ని కాకుండా ఉండాల, కణ్ణూ," అంది. నాకూ అది సబబే అనిపించింది. మా అమ్మానాన్నలు మిల్లులో పని చేస్తారని బడిలో నేనూ ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఒక ఏడు ఆయుధపూజకు మిల్లు జట్టు ఆడే నాటకం, మా నాన్న మాట మీద, ఆమె చేత గుట్టుగా రాయించారు. రాసిందెవరో వేదిక మీదే చెప్పి శాలువా కప్పాలని జట్టు పెద్ద అనుకున్నాడు. ఆ రోజు మెషీన్లన్నీ తుడిచి చందనం పెట్టేసరికి సాయంత్రమైంది. వేదిక మీదికి పిలిచే వేళకు పెద్దమ్మ కనపడలేదు. నేను ఇంటికి పరుగెత్తాను. ఆమె తల మీద నీళ్లు గుమ్మరించుకుంటోంది.

"ఈ తలతో ఎక్కితే వాళ్లు కదను చూస్తారా, పంజును చూస్తారా?" అంది.

మేం వెళ్లేసరికి రాసినవాళ్లు రాలేదని చెప్పి, శాలువా నాటకంలోని ఒక వేషగాడికి కప్పేశారు. మేం వెనక ఆడవాళ్ల మధ్య నిలబడ్డాం. పెద్దమ్మ పక్కన రంగమ్మ ఉంది, ఇద్దరూ ఒకే చోట నూలు చుడతారు. నాటకంలో చీర కట్టిన మగవాడొకడు నెత్తి మీద దోసెడు దూది అంటించుకుని, తుమ్ముతూ, తల గోక్కుంటూ వచ్చాడు. మిల్లు ఆడదాని వేషం అది. జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. రంగమ్మ నవ్వలేదు. ఆమె పనిలోంచి నేరుగా వచ్చింది. మెల్లగా కొంగు తీసి తల మీదికి లాక్కుంది. అది పెద్దమ్మ చూసింది.

తిరిగి వస్తుంటే దారిలో రంగమ్మే మాట్లాడింది. "ఎవుడో మొగోడు రాసిండాడక్కా. మనం పడే పాటు వానికేమి తెలుసు?"

 పెద్దమ్మ జుట్టు ఇంకా ఆరలేదు. నా చెయ్యి పట్టుకున్న ఆమె పట్టు బిగిసింది.

ఆ తర్వాత చాలాకాలం ఆమె రాయలేదు. ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి, స్నానం చెయ్యకుండానే, నన్ను వెంటబెట్టుకుని రంగమ్మ ఇంటికి వెళ్లింది. రంగమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఆ నాటకం రాసింది నేనే, రంగమ్మా. వెక్కంగా ఉండాది," అంది. సిగ్గును మేం వెక్కం అంటాం.

రంగమ్మ చేట దించలేదు. "నన్ను చూసి రాసినావా?"

"నన్ను చూసుకోని రాసినాను. నీకు తగిలింది."

రంగమ్మ మళ్లీ బియ్యం ఏరుకోసాగింది. కొన్నాళ్లు ఇద్దరి మధ్యా మాటలు లేవు. తర్వాత ఒకరోజు ఆమే మేం కీర అనే ఆకుకూర కట్ట పట్టుకుని వచ్చి పెద్దమ్మ గడపలో కూర్చుంది. అప్పటినుంచి పెద్దమ్మ షిఫ్టు దిగిన తలతోనే, వీధివైపు తిరిగి రాసేది. రాసింది రాసినట్టు పైకి చదివేది. ఆకులు తుంచుతున్న రంగమ్మ చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ కొట్టేసేది. తలస్నానం ఆ తర్వాతే.

నేను రచయిత్రినయ్యాక ఆ ఒక్క అలవాటే తెచ్చుకున్నాను. ఎవరి గురించి రాస్తే వాళ్లకు చదివి వినిపించందే అచ్చుకు పంపను. ఈ కథ వినడానికి వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. పళనిలో ఉన్న రంగమ్మ కూతురికి ఫోనులో చదివాను. 

"అమ్మ పేరు ఎందుకు మార్చినారక్కా?" అని అడిగింది చివరికి.

మొదటి ప్రతిలో మార్చాను, నిజమే. మిల్లు ఆడవాళ్ల పేర్లు అచ్చులో కనపడటం వాళ్లకు బాగుండదేమోనని అనుకున్నాను. బాగుండనిది వాళ్లకు కాదని, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకేనని ఆ ప్రశ్నతో తెలిసింది.  కొత్త పేరు ఉన్న ప్రతిచోటా కొట్టేసి రంగమ్మ అని రాసి, ఆమెకు మొదటినుంచి మళ్లీ చదివాను.