మీ పక్కన ఎవరున్నారు?

మా వార్తల డెస్కులో పెద్దాయన ఎవరికి ఫోన్ చేసినా, హలో అన్నాక మొదట అడిగే మాట ఒక్కటే: "మీ పక్కన ఎవరున్నారు?" మంత్రిగారి ఆఫీసుకి చేసినా అంతే, గ్యాస్ బండ ఎప్పుడొస్తుందని కనుక్కోవడానికి చేసినా అంతే. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉండే ఉంటుంది. మాకు మాత్రం ఆయన పక్కనెవరు గారు.

ఒకసారి తుపాను సంగతి కనుక్కుందామని వాతావరణ కేంద్రానికి ఫోన్ చేశారు. అధికారి చెప్పినదంతా విని, పక్కన ఎవరున్నారని అడిగారు. ఫైలు తెచ్చిన అటెండరు ఉన్నాడట. అతనికి ఫోన్ ఇప్పించి, కిటికీలోంచి చూసి గాలి ఎలా ఉందో చెప్పమన్నారు. ఇద్దరి మాటా సరిపోయాకే రాశారు. ఆ వార్త మా సైట్లోకి ఎక్కేసరికి తుపాను తీరం దాటి, బలహీనపడి, మమ్మల్ని మర్చిపోయింది కూడా.

ఇదంతా తల్చుకుని నవ్వుకునే రోజులు పోయాయి. మొన్న ఒక నెల మొదట్లో మేనేజరు మా గోడకి ఒక పెద్ద తెర బిగించాడు. మిగతా సైట్ల కన్నా ఎవరి వార్త ఎన్ని నిమిషాలు వెనకబడిందో అది పేర్లతో సహా ఎర్రటి అక్షరాల్లో చూపిస్తుంది. నెలాఖరుకి అడుగున ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళాలట. అప్పట్నుంచి మంచినీళ్ళకి లేవాలన్నా భయమే. తెర అడుగున పక్కనెవరు గారి పేరు, ఆ పైన నా పేరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పొద్దున్నే ఆయన కుర్చీలో కనబడితే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆయన ఉన్నంతవరకూ నేను అడుక్కి పోను కదా.

ఆ ప్రశ్న మానేస్తే రోజుకి నలభై నిమిషాలు మిగుల్తాయని మేనేజరు ఆయనకి నచ్చజెప్పి చూశాడు.

"మిగుల్చుకుని ఏం చేసుకోను బాబూ?" అన్నారాయన.

ఆ నెలలోనే ఒక మంగళవారం పదకొండింటికి, స్తంభం మీద పనిచేస్తూ షాక్ కొట్టి లైన్‌మన్ ఒకాయన చనిపోయాడని వరసగా అన్ని సైట్లలోనూ వచ్చింది. ఆ వార్త నా వంతు. గబగబా టైపు చేసుకుంటూ పేరు దగ్గరికొచ్చి ఆగిపోయాను. ఇంటిపేరుతో సహా అది లైన్‌మన్‌గా చేస్తున్న మా అన్నయ్య పేరు.

ఎన్నిసార్లు చేసినా అన్నయ్య ఫోన్ పలకడం లేదు. ఇంట్లో వదిన ఒక్కతే ఉంటుంది. పొద్దస్తమానం ఫోన్ చూసుకునే మనిషి. ఇంకా చూడలేదా, చూసేసిందా? చూడకపోతే నేను చేసి ఏమని చెప్పను? పక్కనెవరు గారు నా కంప్యూటర్ వైపు చూశారు, నా మొహం చూశారు, తన కుర్చీ లాక్కొచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. మా అన్నయ్యండీ అన్నాను, వదినకి ఏమని చెప్పనన్నాను.

"మీ వదిన పక్కన ఎవరున్నారమ్మా?"

ఎవరూ లేరని చెప్పాను. మూడేళ్ళుగా నేను నవ్వుకున్న ప్రశ్న అది. ఆయన నన్నడిగి పక్కింటావిడ నంబరు తీసుకున్నారు. ఇంకా ఏదీ ఖాయం కాలేదని, వెంటనే వెళ్ళి వదిన పక్కన కూర్చోమని, ఏదో ఒకటి మాట్లాడుతూ ఫోన్ మాత్రం ఆమె చేతికి రానివ్వొద్దని ఆవిడకి చెప్పారు. తర్వాత ఆసుపత్రుల నంబర్లు ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టారు.

ఊళ్ళో అందరూ పెట్టేశారని, మనమే మిగిలామని మేనేజరు వచ్చి నెత్తిన నిలబడ్డాడు. తెర మీద నా పేరు పక్కన ఇరవై దాటింది, ముప్ఫై దాటింది. పక్కనెవరు గారు తల తిప్పలేదు. నాలుగో ఆసుపత్రిలో ఒక నర్సు ఫోనెత్తింది. ఆయన స్పీకరు నొక్కి, పక్కన ఎవరున్నారని అడిగారు.

"పేషెంటండీ. లైన్‌మన్. చెయ్యి కాలింది, కట్టు కడుతున్నా."

"ఆయనకే ఇవ్వమ్మా."

ఎవరండీ అంటూ అన్నయ్య గొంతు వినబడింది. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"బాబూ, మీరు చనిపోయారని రాయమంటున్నారు. మీరేమంటారు?"

అన్నయ్య కాసేపు ఆలోచించాడు. "ఇప్పుడే వద్దండీ."

నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు. వదినకి సంగతి తెలిసేసరికి అన్నయ్య చేతికి కట్టుతో గుమ్మంలో ఉన్నాడు. పక్కింటావిడ తన మోకాళ్ళ నొప్పుల గురించి గంటసేపు చెప్పిందని వదినకి ఇప్పటికీ కోపమే.

ఆ సాయంత్రం టీ తాగుతూ పక్కనెవరు గారు ఒక సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ప్రమాదంలో పోయిన ఒకాయన ఫొటో కోసం వాళ్ళింటికి ఫోన్ చేశారట. భార్య ఎత్తింది. "ఆవిడకి అప్పటికింకా తెలీదమ్మా. నా నోటినుంచే విన్నది. పక్కన ఎవరూ లేరు." అంతకు మించి చెప్పలేదు. ఆ ప్రశ్న రెండో మనిషి మాట కోసం అడుగుతారనుకునేవాళ్ళం మేము.

తెరకి అవేవీ తెలీవు, నిమిషాలే తెలుసు. పైగా వార్త ఆపింది తనేనని రాసిచ్చి, నా నలభైమూడు నిమిషాలూ ఆయన తన పేరు మీద వేయించుకున్నారు. నెలాఖరు రోజు మధ్యాహ్నం ఆయన బల్ల మీద ఫోన్ మోగింది. అద్దాల గదిలోంచి మేనేజరు. ఆ పాత ఫోనులో అవతలి మాట గదంతా వినబడుతుంది.

"సార్, మీ పక్కన ఎవరున్నారు?"

కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఆ ప్రశ్న తర్వాత ఎలాంటి మాట వస్తుందో ఇప్పుడు మా అందరికీ తెలుసు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఆ మాట ఎవరూ అడిగినట్టు లేదు, మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. నా వెనకే క్రీడల పేజీ అతను వచ్చాడు. తర్వాత ఒక్కొక్కరూ అందరూ వచ్చారు. పక్కనెవరు గారు కళ్ళజోడు సర్దుకుని మమ్మల్ని నిదానంగా లెక్కపెట్టారు.

"పదకొండు మంది ఉన్నారు బాబూ. ఎవరికివ్వమంటావు?"

మేనేజరు అద్దంలోంచి మా వైపు చూశాడు, గోడ మీద తెర వైపు చూశాడు. రేపు మాట్లాడదాం సార్ అని పెట్టేశాడు.

ఆ రేపు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో అన్న భయం మాత్రం పోలేదు. అందుకే ఆయన బల్ల మీద ఫోన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పదకొండుమందిమీ వెళ్ళి పక్కన నిలబడతాం. చేసింది గ్యాస్ బండ కుర్రాడైనా సరే.