పొద్దుటి పొడుగు

తొంభైల చివర్లో నేను కొండాపూర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. మా ఇల్లు ఖాజాగూడలో. పిల్లలకు చెప్పింది చాలదన్నట్టు ఇంటికొచ్చి అన్నాల దగ్గర కూడా అవే మొదలుపెట్టేదాన్ని. మన ఒంట్లో పారే నెత్తుట్లోని ఇనుము ఎప్పుడో నక్షత్రాల్లో తయారైందంటే అమ్మ, "బువ్వ తినేటప్పుడు నెత్తురు ముచ్చటేందే!" అని కసిరేది. మన ఊరి గుట్టలు రాక్షసబల్లుల కంటే ఎంతో ముందటివంటే అన్న నవ్వేవాడు. "గందుకేనా, ఎంత కొట్టినా పగులుతలేవు?" అని.

అన్న ఆ గుట్టల మీదే రాళ్లు కొట్టేవాడు. మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. ఒక కొత్త ఆఫీసుకు గార్డులు కావాలని తెలిసి, సాయంత్రం పని దిగి అట్నుంచటే పోయాడు. ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"ఏమైందన్నా?"

"ఎత్తు కొలిచిన్రు. అర సెంటీమీటరు తక్కువున్ననంట. ఎల్లుండి పొద్దుగాల ఇంకోసారి కొలుస్తరంట గానీ, ఈ వయసుల నేనేం పెరుగుత?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "పొద్దుగాలనా? అయితే పెరుగుతవ్!"

మన వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్లలాంటివి ఉంటాయి. పగలంతా ఒంటి బరువుకు నలిగి పలచబడతాయి, రాత్రి పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి. అందుకే ఎవరైనా నిద్ర లేచేసరికి దాదాపు ఒక సెంటీమీటరు పొడుగుంటారు. బరువే తెలియని అంతరిక్షంలో అయితే వ్యోమగాములు ఇంకా సాగుతారు. ఇదంతా అన్నకు విడమరిచి చెప్పాను.

"అయితే నన్ను రాకెట్ల ఎక్కియ్యి" అన్నాడు. కానీ కళ్లల్లో ఆశ కనబడింది.

చిక్కల్లా ఒకటే. లేచి తిరగడం మొదలుపెట్టిన కొద్ది గంటల్లోనే ఆ పొడుగు చాలావరకు తరిగిపోతుంది. బస్సులో నిలబడి పోతే ఉన్నది కాస్తా కరిగేది. అందుకని పక్కింటాయన కూరగాయల ట్రాలీ ఆటో అడిగాం. ఇస్త్రీ బట్టలు ముందురోజు రాత్రే తొడుక్కుని పడుకున్నాడు అన్న. తెల్లారి ఇంటిల్లిపాదీ కలిసి పరుపుతో సహా ఎత్తి ట్రాలీలో పెట్టాం. అమ్మ చెంచాతో చాయ్ పోసింది. నేను పక్కన కూర్చుని, లేవబోయినప్పుడల్లా భుజం నొక్కి పట్టాను.

రాయదుర్గం దగ్గర గొర్లు అడ్డమొచ్చి ఆటో ఆగింది. ఒక అవ్వ తొంగిచూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో బిడ్డా, ఏ దవాఖానకు తోల్కపోతున్నవ్?"

నేను నోరు తెరిచేలోపే పరుపు మీంచి అన్న జవాబిచ్చాడు. "దవాఖానకు కాదవ్వా, నౌకరికి!"

"పండుకోని చేసే నౌకరి గూడ ఉంటదా?" అంది అవ్వ. నవ్వాపుకోలేక ఆటో నడుపుతున్న పక్కింటాయన హారన్ మీద వాలిపోయాడు.

గేటు దగ్గర సూపర్‌వైజరు గోదావరి వైపు మనిషి. పరుపు దిగుతున్న అన్నను చూసి, "ఏవిటండీ ఇది? ఒంట్లో బాలేదా?" అన్నాడు. అన్న చెప్పులు విడిచి, నేరుగా పోయి గోడకు గీసిన కొలత దగ్గర నిలబడ్డాడు. కావలసిన గీత మీద వెంట్రుకవాసి ఎక్కువే వచ్చాడు. సూపర్‌వైజరు మడమలు లేపాడేమోనని వంగి చూసి, మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది.

"మొన్న తగ్గారు కదండీ!"

ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. మోసమంటాడేమోనని భయపడ్డాను. ఆయన గడ్డం గోక్కుని, అన్న పేరు పనిలోకి రాసుకుని, "మరైతే మొన్న సాయంత్రం పొట్టని పంపేసిన ఇంకో ఇద్దరి సంగతేవిటండీ?" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకు ఒక్కసారిగా గౌరవం కలిగింది.

ఇంటికొచ్చేటప్పుడు అన్న ట్రాలీలో నిలబడే వచ్చాడు. కూర్చోమంటే వినలేదు. "ఇగ ఎంత తగ్గినా ఫికర్ లేదు" అన్నాడు.

ఆ ఇద్దరినీ మర్నాడు పొద్దున పిలిపించారని అన్నే చెప్పాడు. ఒకతను నెగ్గాడు. రెండో ఆయన పొద్దున కొలిచినా పొట్టే. మొక్కలకు నీళ్లు పట్టడానికి ఎత్తెందుకని సూపర్‌వైజరే మాట్లాడి ఆయన్ని తోటపనిలో పెట్టించాడట.