సంబంధం: తల్లి

“మీ అబ్బాయి మీకంటే తొమ్మిదేళ్లే చిన్నవాడేంటండీ?” అంది గుంటూరు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి.

నాకు అబ్బాయి లేడు. అసలు పెళ్లే కాలేదు. ఆ మాట అనేలోపే కంప్యూటర్ తెర నావైపు తిప్పింది. మొదట మా తమ్ముడి పేరు, తర్వాత మరదలు, ఇద్దరు పిల్లలు, చివర్న నేను. నా పేరు పక్కన ‘సంబంధం: తల్లి’ అని ఉంది. కార్డు ఐదేళ్లుగా మా ఇంట్లో బియ్యం డబ్బాలోనే ఉంది. దాని అవసరం ఎప్పుడూ రాలేదు కనుక కంప్యూటర్‌లో నన్ను ఏమని రాశారో నాకు తెలియదు.

గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలన్నారు డాక్టరు గారు. ఒక్కసారి కూడా పనిపడని దాన్ని తీయించుకోవడానికి నాకేం బెంగ లేదు. కానీ కార్డులో తప్పుంటే ఆపరేషన్‌కి అనుమతి రాదట.

“మీ ఊరి సచివాలయంలో సరిచేయించుకుని రండి. ఇద్దరి వేలిముద్రలూ పడాలండీ” అని వెనక్కి పంపింది.

వినుకొండ బస్సెక్కి కూర్చున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్లనెవర్నడిగినా చెబుతారు. ఆ రోజు మాత్రం రాలేదు. కార్డు కోసం సర్వే వాళ్లు ఇంటికొచ్చిన రోజు నేను మిరప కల్లంలో తాలుకాయలు ఏరే కూలికి వెళ్లాను. వివరాలు చెప్పింది మా తమ్ముడే. అంటే ‘తల్లి’ అన్న మాట కూడా వాడే చెప్పాడు. దారి పొడుగునా ఆరబోసిన మిరపకాయలు చూస్తూ అదే తలుచుకున్నాను. ఎన్నేళ్లకో చాలా సంతోషంగా అనిపించింది.

అమ్మ పోయేనాటికి నాకు పదకొండేళ్లు, వాడికి రెండు. నాన్న దూది ఏకి పరుపులు కుట్టడానికి ఊళ్లు తిరిగేవాడు. వాడు నా చంకలోనే పెరిగాడు, నన్ను ‘అమ్మా’ అనేవాడు. నాకు పదహారేళ్లప్పుడు పొదిలి నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చారు. వాళ్లు కూర్చుని టీ తాగుతుండగా వాడు పరుగెత్తుకొచ్చి, “అమ్మా, ఆకలి” అంటూ నా ఓణీ పట్టుకున్నాడు. నానమ్మ ఎంత చెప్పినా వాళ్లు మళ్లీ రాలేదు. నేను వాడి వీపు మీద రెండు వేశాను.

“అక్కా అనరా. ఇంకోసారి అమ్మా అన్నావంటే అన్నం పెట్టను.”

రెండు రోజులు వాడు నన్ను ఏమనీ పిలవలేదు. మూడోరోజు అక్కా అన్నాడు. ఇక అంతే, ఆనాటి నుంచీ అక్కనే. ఆ తర్వాత కూడా సంబంధాలేవీ కుదరలేదు. కనీసం ఆ పిలుపైనా ఉంచుకోవాల్సింది.

చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులో పని దొరికి వాడు కాపురం మార్చి నాలుగేళ్లయింది. మొదట్లో వారానికో ఫోన్ చేసేవాడు. తర్వాత నెలకొకటి అయింది. ఇప్పుడు పండక్కి చేస్తాడు. తప్పు మరదలిదని చెప్పుకుంటే నాకు తేలికగా ఉండేది, కానీ ఆ పిల్ల మంచిదే.

ఇల్లు చేరగానే ఫోన్ చేశాను. “ఏరా, కార్డులో నన్నేమని రాయించావు?” నేను అడగాలనుకున్నది అలా కాదు.

అవతల మిల్లు చప్పుడు. “గుర్తులేదక్కా. వాళ్లే ఏదో రాసుకుని ఉంటార్లే.”

“ఆపరేషన్ ఆగిపోయింది. వచ్చి వేలిముద్ర వేసి పో.”

షిఫ్టు మార్చుకుని బండి మీద వచ్చాడు. జుట్టులో దూదిపోగు చిక్కుకుని ఉంది. తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వాడికి నలభై దాటాయి, ఊళ్లో నలుగురూ చూస్తున్నారు.

సచివాలయంలో ఉద్యోగి అడిగాడు. “తల్లి అన్నచోట అక్క అని మార్చమంటారా, లేకపోతే ఆవిడకి విడిగా కార్డు పెట్టమంటారా?”

నేను నోరు తెరిచేలోపే వాడన్నాడు, “విడిగా పెట్టేయండి సార్.” నావైపు తిరిగి, “ప్రతిదానికీ నా వేలిముద్ర కోసం కూర్చోనక్కర్లేదు. నీది నీకుంటుంది కదక్కా” అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. కోపం నాకు అప్పుడొచ్చింది. “అవున్లే, నా పీడ నీకెందుకు” అన్నాను. మెషీన్ మీద వాడి వేలు మొదటిసారికే పడింది. నాది సూదిపోట్లకి అరిగిపోయిందేమో, నాలుగుసార్లు పెట్టాల్సి వచ్చింది.

కొన్ని వారాలకు కొత్త కార్డొచ్చింది. కుటుంబ పెద్దను నేనే. సభ్యుల సంఖ్య ఒకటి. ఎవరి మీద పెత్తనం చేయాలో మాత్రం రాయలేదు. దాన్ని చేతిలో పెట్టుకుని కుట్టుమిషన్ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆ పూట వంట చేయలేదు.

“ఇప్పుడు కరెక్టుగా ఉందండీ” అంది గుంటూరులో ఆ కౌంటర్ అమ్మాయి. ఈసారి అనుమతి వచ్చింది. మంచం ఇచ్చారు. ఆపరేషన్‌కి ముందు దగ్గరి బంధువెవరైనా సంతకం పెట్టాలన్నారు. నా కార్డులో ఇంకెవరూ లేరు కదా, మళ్లీ వాడికే ఫోన్ చేశాను.

వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. నర్సు కాగితం ఇస్తే గోడకి ఆనించి సంతకం పెట్టాడు. దాని కింద ‘రోగితో సంబంధం’ అని ఒక గడి ఉంది. అక్కడ పెన్ను కాసేపు ఆగింది. నేను సిగ్గు లేకుండా మంచం మీంచి మెడ చాచి చూశాను.

‘తమ్ముడు’ అని రాశాడు. గుండ్రటి అక్షరాలు, పలక మీద నేను దిద్దించినవే.

నర్సు చదివి, సరిగ్గానే ఉందని కాగితం తీసుకెళ్లింది. ఈసారి ఎవరూ వెనక్కి పంపలేదు.