నాయన పన్నెండేళ్ల కన్నం

మూడు తరాల సంగీత వంశం, ఒక మహత్తర ఆవిష్కరణ, దాన్ని ఒక్క పూటలో మట్టిపాలు చేసిన పుత్రరత్నం. ఇంతటి ఇతిహాసం మీకిప్పుడు చెప్పబోతున్నాను. నిజానికిది ఆవగింజంత కన్నం కథ. ఇతిహాసమే కావాలంటే వేరే చోట చూసుకోండి.

పుత్తూరులో మా తాత క్లారినెట్ నేర్పేవారు. నాయన నేర్పడంతో ఆగక, వాయిద్యాన్నే బాగుచేసే పనిలో పడ్డారు. స్వరం నాదస్వరంలా జారాలని కుడి చిటికెన వేలి దగ్గర ఒక కన్నం పెట్టారు. సరిగ్గా ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికే పన్నెండేళ్లు పట్టింది. ఆ ప్రయోగాల్లో క్లారినెట్ పెట్టే అరుపులు భరించలేక నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లతో పెరిగాను. అందుకే కన్నం సంగతి నాకు తెలియదు. (గమనించండి, తప్పు ఇయర్‌ఫోన్లది.)

ఆ రోజు నాయన కన్నం క్లారినెట్ వినడానికి తిరుపతి నుంచి సంగీత కళాశాల సారు వచ్చారు. ఆయనకు నచ్చితే కాలేజీ పిల్లలంతా ఇక నాయన క్లారినెట్ మీదే నేర్చుకుంటారు.

"రేయ్, దానికి రోంత నూనె పూసి తీసుకురారా," అన్నారు నాయన.

పూస్తూ చూశాను. పురుగు తొలిచిన కన్నం! వంశం పరువు కాపాడాలని రంపప్పొట్టు, బంక కలిపి పూడ్చి, పైన నల్ల బూట్‌పాలిష్ రుద్దాను. ఇల్లలకగానే పండగ కాదంటారు. కన్నం పూడ్చగానే పుణ్యమూ రాదు.

నాయన సహానా రాగం ఎత్తుకున్నారు. చిటికెన వేలు తేలు కొండిలా లేస్తోంది, పడుతోంది. స్వరం మాత్రం గుంజకు కట్టిన గేదెలా కదలదు. నాయనకు చెమటలు పట్టాయి. చివరికి పెదవి బిగించి, వదిలి, తాత నేర్పిన పాత పద్ధతిలో స్వరాన్ని జార్చారు.

"అబ్బబ్బా! ఏం జారుడు సామీ! అంతా ఆ కన్నం మహిమే!" అని సారు తొడ చరుచుకున్నారు.

నాయన తన వేలు చూసుకున్నారు. నల్లగా ఉంది. నా వేళ్లు చూశారు. అవీ అంతే.

"ఏం జేసినావురా?"

"పురుగు కన్నం మూసినా నాయనా."

"ఆ పురుగును నేనేరా!"

నాయనకు అబద్ధం చేతకాదు. "సార్, కన్నం మూసుకోనుండాది. ఇంతసేపూ జార్చింది నా పెదవి," అని చెప్పేశారు.

సారు క్లారినెట్ అందుకుని తిప్పి చూశారు. "అట్లయితే ఆ కన్నం ఎందుకు సామీ?"

పన్నెండేళ్లలో ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

"క్లారినెట్లు మాకాడ బండెడుండాయి. ఆ పెదవి పని నేర్పేవాళ్లే లేరు. మీరే వచ్చేయండి," అన్నారు సారు.

కర్త అనుమతి లేనిదే ఈ భూమ్మీద ఏ కన్నాన్నీ పూడ్చనని, తూర్పు ముఖంగా నిలబడి, బంక డబ్బా సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను.

తిరుపతిలో నాయన క్లాసులు మంగళ, శుక్రవారాలు. పుత్తూరులో బస్సు ఏడుంబావుకు. అది తప్పితే మళ్లీ ఎనిమిదిన్నరకే.