మునెమ్మక్క చేలో నా సెలీనియం పాఠం

ఒక పంటకాలం మొత్తాన్ని ఒక్క పూటలో, అదీ నా సొంత చేతులతో, టోపీ పెట్టుకుని మరీ నాశనం చేసిన ఘనత నాది. చేను తగలబెట్టలేదు, పశువుల్ని తోలలేదు. ఎరువు వేశాను, అంతే. ఆ ఎరువు ఎందుకు వేయకూడదో ఆ చుట్టుపక్కల అందరికన్నా బాగా తెలిసినదాన్ని కూడా నేనే.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. తిరుపతిలో వ్యవసాయం ఎమ్మెస్సీ చదువుతున్నాను. మట్టిలోని సెలీనియాన్ని వేరుశెనగ మొక్క ఎంత పీల్చుకుని గింజలోకి పంపుతుందన్నది నా పరిశోధన. సెలీనియం మన ఒంటికి చిటికెడులో చిటికెడు కావాలి. మట్టిలో లేకపోతే పంటలో ఉండదు, పంటలో లేకపోతే మనకు అందదు. కాబట్టి నేను మట్టిలో పోస్తాను, మొక్క తాగుతుంది, జనం తిని బాగుపడతారు, నాకు డిగ్రీ వస్తుంది. ఈ నాలుగింటిలో నాకు ముఖ్యమైనది ఏదో మీరు ఇప్పటికే కనిపెట్టి ఉంటారు. గింజలో సెలీనియం కనిపించకపోతే మాత్రం మళ్లీ విత్తనం నుంచి మొదలుపెట్టాలి, డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. ఇంట్లో అప్పటికే "ఇంకా చదువేనా" అనే పాట మొదలైంది.

ఏర్పేడు దగ్గర మునెమ్మక్క అనే రైతు తన చేలో ఒక పక్కగా నాకు ఎనిమిది మడులు ఇచ్చింది. నాలుగింటికి సెలీనియం కలిపిన నీళ్లు, నాలుగింటికి ఉత్త నీళ్లు పోయాలి. మొదటి రోజే గట్టు మీద నిలబడి ఆమెకు పాఠం మొదలుపెట్టాను. ఆమె అడగలేదు, నేనే ఆగలేకపోయాను.

"సెలీనియానికి వేరులో సొంతంగా తలుపు లేదక్కా. గంధకం పోయే తలుపులోంచే ఇదీ దూరిపోతాది. రెండూ ఒకే మాదిరి ఉంటాయి, వేరుకు తేడా తెలీదు."

మునెమ్మక్క కలుపు తీస్తూనే వింది. "అంటే ఇంకొకరి పేరు మింద ఉండే సిఫారసు లెటర్ పట్టుకోని కొండకు దర్శనానికి పోయినట్టా పాపా?"

"అట్లనే అనుకో."

"మరి ఆ లెటర్ కలిగినోళ్లే వచ్చేస్తే?"

"వాళ్లే లోపలికి పోతారు. ఇది బయటే నిలబడల్ల" అన్నాను. ఎంత స్పష్టంగా చెప్పానో చూడండి. అక్కడ మూడో మనిషి లేరు కాబట్టి ఆ మాట ఇంకెవరో అన్నారని తప్పించుకునే వీలు కూడా నాకు లేదు.

నెల దాటాక పూత వచ్చింది. మా చిత్తూరు వైపు వేరుశెనగ పూతకొచ్చి ఊడలు నేలలోకి దిగుతున్నాయంటే జిప్సం వేయాలని అర్థం. వేయకపోతే కాయలో పప్పు నిండదు, లొట్టలు మిగులుతాయి. మునెమ్మక్క తన చేలో చల్లుకుంటూ నా మడుల దగ్గరికొచ్చి ఆగింది.

"ఈడ కూడా ఎయ్యల్నా పాపా?"

"ఎయ్యకుంటే ఎట్లక్కా? పంట బాగా రావల్ల కదా. దండిగానే ఏస్తాం."

"ఈ సంచి మింద సల్ఫర్ అని రాసుండాది సూడు. సల్ఫర్ అంటే గంధకమేనని అంగడాయన సెప్పినాడు."

అయ్యా, అమ్మా, ఇక్కడ కాస్త ఆగండి. నా డిగ్రీని కాపాడడానికి సాక్షాత్తూ సంచి మీది అక్షరాలే ముందుకొచ్చిన ఘడియ అది. అప్పుడు నేనేమన్నానో తెలుసా?

"జిప్సం ఏసేది కాల్షియం కోసం. ఇదంతా సైన్సక్కా, నీకు తెలీదులే."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. నేను టోపీ సర్దుకుని, చేట పట్టుకుని ఏడు మడులకు పెళ్లిలో అక్షింతలు చల్లినట్టు చల్లాను. సెలీనియం నీళ్లు పోసిన మూల మడి ఒకటి మిగిలి ఉండగానే బస్సు వేళయింది. "మూల మడి సంగతి నేను సూసుకుంటాలే, నువ్వు పో" అంది మునెమ్మక్క.

కోతకు కాయలు ముచ్చటగా వచ్చాయి. మూల మడిలో మాత్రం అన్నీ లొట్టలేనని మునెమ్మక్క చెబితే, అదేదో తెగులులెమ్మని దాన్ని వదిలేసి, మిగతా ఏడింటి గింజలు పరీక్షకు పంపాను. ఫలితం చూస్తే సెలీనియం పోసిన మడులకూ ఉత్త నీళ్ల మడులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మా గైడు సారు చేలో ఏమేం వేశానో చదవమన్నారు. జిప్సం దగ్గరికి రాగానే కళ్లజోడు తీశారు.

"జిప్సం అంటే ఏమిటమ్మా?"

"కాల్షియం సార్."

"కాల్షియం తర్వాత?"

"సల్ఫేట్" అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే గట్టు మీద నేను చెప్పిన పాఠం గుర్తొచ్చింది. లెటర్ సొంతదారుల్ని కుటుంబ సమేతంగా, బంధుమిత్ర సపరివారంగా పిలిచి తలుపు దగ్గర దించింది నేనే. పాపం, నా సెలీనియం బయట చెప్పుల దగ్గర నిలబడిపోయింది.

"జిప్సం పడని మడి ఒక్కటన్నా ఉంటే పోల్చి చూడవచ్చు. లేకపోతే వచ్చే పంట దాకా ఆగాల్సిందే" అన్నారు సారు.

"లేదు సార్" అన్నాను.

బస్సులో ఏర్పేడు దాకా ఏడుస్తూనే ఉన్నాను. మళ్లీ మడులు అడగాలి, అంతకుముందు తప్పు ఒప్పుకోవాలి. మునెమ్మక్క అంతా విని, ఇంట్లోకి పోయి చిన్న మూటొకటి తెచ్చింది.

"మూల మడి కాయలు. దీనికి నేను జిప్సం ఎయ్యలేదు."

"లొట్టలు పోతాయని తెలిసి కూడానా అక్కా?"

"తెలుసు. మొదటి దినం నువ్వు తలుపు సంగతి సెప్తివి కదా పాపా. నేను నమ్మినా. నువ్వే నమ్మలేదు."

ఆ మూటంతా ఒలిస్తే గట్టి పప్పు దోసెడు దొరికింది. ఆ దోసెడులో సెలీనియం పుష్కలంగా ఉంది. ఒక్క మడితో థీసిస్ కాదని సారు నాచేత కుండీల్లో మళ్లీ పెట్టించి, శీర్షికలో జిప్సాన్ని కూడా చేర్పించారు. డిగ్రీ ఏడాదికి బదులు నాలుగు నెలలే ఆలస్యమైంది.

అందుచేత ఏడుకొండల వైపు తిరిగి, చెంపలు వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఎవరికి ఏ పాఠం చెప్పినా, వినేవాళ్లలో నేను కూడా ఉంటాను.