బసవపున్నయ్య గారి చివరి మాట

1978 జూలై పన్నెండు, బుధవారం. ములకలపల్లిలో మూడు రోజులుగా ముసురు విడవలేదు. పేరుమోసిన కవి బసవపున్నయ్య మంచాన పడ్డనాటి నుంచీ ఆయనకు సేవ చేస్తున్నది తండా మనిషి జమ్లి. ఆ మధ్యాహ్నం ఆమె తడిబట్టతో పెదవులు తుడుస్తూ ఉంటే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పాటలు నావి కావే. మీ అమ్మవి. పుస్తకం మీద పూలి పేరు వేయించమని మా అల్లుడికి చెప్పు," అన్నాడు. గుమ్మంలో నిలుచున్న మేనల్లుడు చెంచురామయ్య ఆ మాట విన్నాడు. అదే ముసలాయన చివరి మాట; ఆ సాయంత్రమే పోయాడు.

తిరగలి ముందు కూర్చుని పూలి పాడిన పాటలను ఇరవై ఏళ్ళ కిందట ఆయన తెలుగులో రాసుకుని, తన పేరుతో అచ్చు వేయించి, శాలువాలు కప్పించుకున్నాడు. పూలి ఏ పేరూ లేకుండానే పోయింది.

సంతాపసభలో చెంచురామయ్య మేనమామ చివరి మాటను గద్గదస్వరంతో వినిపించాడు: "వనజననీ, నీ చరణసన్నిధికి వస్తున్నాను." రచయితల చివరి మాటలకు మెరుగుపెట్టడం లోకంలో పాత అలవాటే. ఊపిరందని మనిషి సమాసాలు కూర్చడని శ్రోతలకు తోచదు. తోచినా సభామర్యాద అడ్డువస్తుంది. జమ్లికి అడ్డురాలేదు. చెంచురామయ్య వేదిక దిగగానే అడిగింది:

"పెద్దాయన గట్ల అనలేదు గద, సారూ?"

"పెద్దవాళ్ళ చివరి మాట లోకానికి పనికొచ్చేట్టు ఉండాలి జమ్లీ. నీకు తెలవదులే."

"అవ్. లోకమంటే మీ ఇల్లే గద," అని ఆమె వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగింది. వర్ధంతి సభకు నిండుదనం కోసం చెంచురామయ్య తండా ఆడవాళ్ళ ఏడుపు పాట పెట్టించాడు. తండాలో ఒకామె పోయినవారిని తలచి పాడుతూ ఏడిస్తే, మిగిలినవారు ఆమె భుజాలు పట్టుకుని ప్రతి చరణాన్నీ తిరిగి అంటారు. ముగిసేదాకా ఎవరూ ఆపరు. ఆ సంగతి అతడికి తెలియదు. జమ్లి ఈసారి తన భాషలో కాక, తెలుగులో ఏడ్చింది.

"పూలి పాట దోచినోడా, పోతపోత ఒప్పినోడా, విన్న అల్లుడు దాచిండే..."

పన్నెండు గొంతులు ఆ మాటే అన్నాయి. చెంచురామయ్య మైకు ఆపించాడు. ఆ గొంతులకు మైకుతో పని లేదు. ముందు వరుసలోని పెద్దలు అతడి వంక చూశారు. అతడు తల దించుకున్నాడు. జమ్లి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

పదహారేళ్ళ తరువాత, పుస్తకం మళ్ళీ అచ్చు వేయబోతూ, రెండు పేర్లూ పక్కపక్కన వేస్తానని చెంచురామయ్య కబురు పెట్టాడు. వయోజన విద్యాకేంద్రంలో అక్షరాలు దిద్దుకున్న జమ్లి స్వయంగా జవాబు రాసింది:

"చెంచురామయ్య సారుకు జమ్లి రాసేది. పక్కపక్కన వద్దు. పైన మా అమ్మ పేరు పెద్దగ వెయ్యుండ్రి. కింద 'రాసుకున్నది బసవపున్నయ్య' అని చిన్నగ వెయ్యుండ్రి. సావంగ నిజం జెప్పిండు కాబట్టి ఆయనకు గంత జాగ ఇస్తున్న. ముందుమాట మీరు రాస్తరట. అండ్ల ఆయన ఆఖరు మాట ఉన్నదున్నట్టు రాసి, విని దాచిన అని మీ సంతకం పెట్టుండ్రి. ఆ ముక్క లేకుంటే నేను ఒప్పుకోను. జవాబు జల్దీ రాయుండ్రి. మీకు కూడా పాణం బాగుంటలేదని విన్న."